నూకరత్నం గది జల్లెడ

పొదుపు 1వ రోజు

ఈ పుస్తకం నేను అడిగి తెచ్చుకున్నది కాదు. నెలవలసలో ఉన్న నాలుగు వందల పన్నెండు మందికీ పొద్దున్నే తలుపు కింద నుంచి తోసి వెళ్ళారు. చూడటానికి కాగితంలాగే ఉంది కానీ లోపల బుర్ర ఉంది. మొదటి పేజీలో మనోక్షేమాధికారి గారి ఫొటో, రెండో పేజీలో ఆదేశాలు. రోజూ వంద మాటలకు తగ్గకుండా రాయాలట. రాసేది ప్రశాంతంగా ఉండాలట. చివర్లో "ఈ రోజు నేను కృతజ్ఞత తెలిపేది" అన్న చోట ఏదో ఒకటి పూర్తి చేయాలట. వంద మాటలు నాకు ఒక లెక్కా! కాంటీన్‌లో ఉప్మా బాగోలేదని చెప్పడానికే అంతకంటే ఎక్కువ పడతాయి.

నా పేరు తవిటమ్మ. వయసు నలభై తొమ్మిది. చంద్రుడి మీద ఈ గుమ్మటాల కిందకు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఉద్యోగం గాలి జల్లెడలు ఉతకడం. ప్రతి గదిలోనూ గోడకు ఒక గుడ్డ జల్లెడ బిగించి ఉంటుంది. ఆ గదిలో మనిషి వదిలిన ఊపిరి తేమ, చెమట, వెంట్రుకలు, బట్టల నుంచి రాలిన రాతిపొడి అన్నీ దానికే అంటుకుంటాయి. వారానికోసారి తీసి, ఉతికి, ఆరేసి, మళ్ళీ బిగిస్తాను. అందుకని ఏ గదిలో ఎవరు ఎలా ఉన్నారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఆరింటికి మాత్రం నేను ఇంకో మనిషిని. నాలుగో గుమ్మటం ఆడవాళ్ళ చెడుగుడు జట్టుకు కోచ్‌ని.

అసలు సంగతి. మాకున్న రెండు గాలి యంత్రాల్లో ఒకటి నిన్న కన్నుమూసింది. భూమి నుంచి విడిభాగం రావడానికి తొంభై రోజులు పడుతుందట. అందాకా ఉన్న గాలినే పొదుపుగా పీల్చుకోవాలి. కాంటీన్‌లో ఉత్తర్వు చదివారు. పరుగు నిషేధం. పాట నిషేధం. తవ్వకం పని బంద్. ఆటలు బంద్. గొడవ పడక తప్పకపోతే కూర్చుని, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు పడాలి.

ఆటలు బంద్ అనగానే నా పక్కన కూర్చున్న నూకరత్నం చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. నూకరత్నానికి ముప్ఫై ఆరేళ్ళు. రాయి తొలిచే యంత్రం నడుపుతుంది, ఒంటరి మనిషి. మా జట్టులో కూతకు వెళ్ళేది ఆమే. చెడుగుడు చెడుగుడు అంటూ గీత దాటిందంటే అవతలి జట్టులో ఇద్దరినైనా తాకకుండా తిరిగి రాదు. పదకొండేళ్ళుగా ఆమె రోజంటే ఈ రెండే. పొద్దున ఆట, తర్వాత తవ్వకం. ఒక్క కాగితంతో రెండూ పోయాయి.

"తొంబై రోజులా అప్పా?" అంది. నన్ను అక్క వరస కలిపి అప్పా అంటుంది.

"కళ్ళు మూసి తెరిస్తే అయిపోద్దే."

"కళ్ళు మూసి తెరవడానికైతే పర్మిషనుందేటి?"

అందరం నవ్వాం. నవ్వినందుకు మందలించారు.

ఈ రోజు నేను కృతజ్ఞత తెలిపేది: ఇంకా ఎవరూ నిషేధించని తుమ్ముకు.

పొదుపు 4వ రోజు

అందరి చేతికీ శాంతి కడియాలు తొడిగారు. మనం నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నామో లెక్కపెడుతుంది. పదికి లోపైతే పచ్చ దీపం, మనసు ప్రశాంతంగా ఉన్నట్టు. పదిహేను దాటితే ఎర్ర దీపం, మనసు అల్లకల్లోలంగా ఉన్నట్టు. రోజుకు రెండుసార్లు ఎర్రబడితే సాయంత్రం రెండు గంటల ప్రశాంతి ఉపన్యాసానికి హాజరు కావాలి. వారమంతా పచ్చగా ఉంటే ఉపన్యాసం నుంచి మినహాయింపు.

కడియం తొడగగానే నాది ఎర్రగా వెలిగింది. నేను పుట్టడమే ఎర్రగా పుట్టానని మా అమ్మ అనేది.

మనోక్షేమాధికారి భావనారాయణ గారు భూమి నుంచి వచ్చి ఆరు నెలలే అయింది. మెత్తని మనిషి, ఎవరినైనా అమ్మా, అయ్యా అనే పిలుస్తారు. ఆయన విడమరిచి చెప్పారు.

"మనసు కుదుటపడితే ఊపిరి నెమ్మదిస్తుందమ్మా. కాబట్టి ఊపిరి నెమ్మదిగా ఉంటే మనసు కుదుటపడినట్టే కదా!"

కాంటీన్‌లో వంట చేసే బుల్లెమ్మ, మా జట్టులో పట్టు దానిదే, చేయి ఎత్తింది. "సారూ, వాన పడితే నేల తడుస్తాది. నేల తడిస్తే వాన పడినట్టేనా? నాను బకెట్టు తన్నీసినా తడుస్తాది కదేటి."

ఆయన చాలా మంచి ప్రశ్న అని మెచ్చుకుని, జవాబు చెప్పకుండా ముందుకు సాగారు. అప్పటికి గంటసేపటి నుంచి మాట్లాడుతున్నారేమో, ఆయన కడియం కూడా ఎర్రగానే వెలుగుతోంది. చొక్కా చేయి కిందకు లాక్కున్నారు.

మా ఆటస్థలంలో గీతలు చెరిపేసి చాపలు పరిచారు. దాని పేరు ఇప్పుడు ప్రశాంతి మందిరం.

పొదుపు 12వ రోజు

ఉతుకుడు రోజు. నా కాళ్ళు ఇంకా పొద్దున్నే ఆరింటికి వాటంతట అవే ఆటస్థలం వైపు నడిచిపోతున్నాయి. తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చి వెనక్కి తిరుగుతున్నాను. దారిలో బుల్లెమ్మ ఎదురైంది. అది కూడా అటు నుంచే వస్తోంది. ఎందుకొచ్చావని ఒకరినొకరం అడగలేదు.

ప్రశాంతి మందిరం జల్లెడ విప్పి చూశాను. మేము పద్నాలుగు మందిమి ఇరవై కిలోల ఇనప నడికట్లు కట్టుకుని, ఈ తేలిపోయే నేల మీద పడి దొర్లినా వారానికి టీ మరక రంగుకు వచ్చేది. ఇప్పుడు అట్లపెనం రంగులో ఉంది. రెండు వందల మంది రెండు గంటలపాటు నిట్టూరిస్తే అంతే మరి.

ఇంకో విశేషం. వారపు ప్రశాంతమూర్తి అని కొత్త బిరుదు పెట్టారు. అందరికంటే తక్కువ ఊపిరి తీసినవాళ్ళకు సభ, శాలువా, జ్ఞాపిక. మొదటి బిరుదు మన నూకరత్నానికే! నిమిషానికి ఆరు. వేదిక ఎక్కి శాలువా కప్పించుకుని దిగిపోయింది. నాకు చెప్పలేనంత గర్వం వేసింది. పదకొండేళ్ళు కూత పెట్టిన మనిషికి ఊపిరి మీద ఆ మాత్రం పట్టు ఉండదా అని పక్కవాళ్ళతో గొప్పలు పోయాను. నా బుద్ధి ఎంత మొద్దుబారిందో ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆమె గది జల్లెడ ఆ పొద్దున్నే ఉతికాను. రాతిపొడి ఒక్క నలుసు లేదు. తవ్వకం బంద్ కదా, ఉండదు అనుకున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

పొదుపు 19వ రోజు

రెండో శాలువా కూడా నూకరత్నానికే. సభకు వచ్చింది కానీ జుట్టు ముడేసుకోలేదు. కాంటీన్‌కు రావడం తగ్గించిందట. జల్లెడ మీద ఆమె వెంట్రుకలు నాలుగైదు, అంతే.

ఈ రోజు నేను కృతజ్ఞత తెలిపేది: పక్కవాళ్ళు భుజం తట్టి లేపకపోతే ఉపన్యాసంలో నాకు పట్టే నిద్రకు. నిద్రలో నా కడియం పచ్చగా ఉంటుందట.

పొదుపు 26వ రోజు

మూడో శాలువా. ఈసారి నూకరత్నం సభకు రాలేదు. రాకపోతే ఏం, సభే ఆమె గదికి వెళ్ళింది. భావనారాయణ గారు, ఫొటో తీసే ఆయన, జ్ఞాపిక పట్టుకోవడానికి ఒకరు, వెనకాల నేనూ బుల్లెమ్మా.

ఆమె మంచం మీద పడుకుని కప్పు వైపు చూస్తోంది. లేవమని ఎవరూ అనలేదు. లేస్తే ఊపిరి పెరుగుతుందని భయం కాబోలు. దుప్పటి మీదే శాలువా కప్పారు. జ్ఞాపిక దిండు పక్కన ఆనించారు. ఫొటో తీశారు.

"ఎంత నిర్మలమైన ముఖమో చూశారా!" అన్నారు భావనారాయణ గారు గొంతు తగ్గించి. "నిమిషానికి అయిదు. నేను చదువుకున్న పుస్తకాల్లో కూడా ఇలాంటిది లేదు."

నేను చూసింది ముఖాన్ని కాదు, మంచం కింద పళ్ళేన్ని. నిన్నటి అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. పక్కన మొన్నటిది. బుల్లెమ్మ కూడా చూసింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. నా కడియం ఎర్రగా వెలిగితే ఫొటోలో పడుతుందని నన్ను పక్కకు జరిపారు.

పొదుపు 27వ రోజు

మనోక్షేమ కార్యాలయానికి వెళ్ళాను. నూకరత్నం బాగోలేదు, ఎవరైనా వచ్చి మాట్లాడండి అన్నాను. బల్ల దగ్గరున్న అమ్మాయి లెక్క తీసి చూసింది.

"ఆవిడ ఇరవై మూడు రోజులుగా పచ్చలో ఉన్నారండీ. సలహా సేవ ఎర్రవాళ్ళకే."

"తిండి తినడం లేదమ్మా."

"తిండికి కాంటీన్ విభాగం ఉందండీ." తర్వాత నా చేతి వైపు చూసి జాలిగా అంది, "మీకైతే ఇవాళ సాయంత్రమే చోటు ఉంది."

రెండు గంటలు కూర్చుని వచ్చాను. కోపం మనకు ఎలా శత్రువో చెప్పారు. వింటున్నంతసేపూ నా కోపం నాకు దగ్గర చుట్టంలాగే అనిపించింది.

పొదుపు 33వ రోజు

నాలుగో శాలువా.

ఈ రోజు నూకరత్నం గది జల్లెడ తీశాను. తెల్లగా ఉంది. వారం కిందట నేను ఉతికి బిగించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నా సబ్బు వాసనే వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో ఖాళీ గదుల జల్లెడలు మాత్రమే ఇలా తెల్లగా చూశాను. మనిషి ఉన్న గదిది ఎప్పుడూ చూడలేదు.

నాకు భయంగా ఉంది.

ఈ పుస్తకం ఆ మాట కింద ఎర్రగీత గీసింది. "నాకు ఉత్సాహంగా ఉంది" అని రాయమంటోంది. రాయను. నాకు భయంగా ఉంది. నూకరత్నం ఇలాగే తెల్లగా, నిశ్శబ్దంగా, శాలువాల కింద అయిపోతుందని భయంగా ఉంది. ఏం చేసుకుంటావో చేసుకో.

పొదుపు 34వ రోజు

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

గుమ్మటంలో లైట్లు వేయగానే బుల్లెమ్మ చేసిన ఉప్పుడుపిండి గిన్నె, ఉతుకుడు సంచీ పట్టుకుని నూకరత్నం గదికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుంది. కాళ్ళ దగ్గర నాలుగు శాలువాలు మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్నాయి.

"లెగే" అన్నాను.

"లెగుతానప్పా" అంది. లేవలేదు.

"ఏటైనాదే నీకు?"

దుప్పటి మెడ దాకా లాక్కుంది. తర్వాత గోడతో చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "ఏటీ అవలేదప్పా. పొద్దున్న లైట్లేత్తారు, రేతిరికి తీసేత్తారు. నిన్నటికీ ఇయ్యాల్టికీ తేడా తెలవట్లేదు. లెగిసి ఏటి సెయ్యాలి? తవ్వకం నేదు. ఆట నేదు. ఇలగ పడుకునుంటే శాలువాలిత్తన్నారు. ఇదే కరెస్టేమో అనిపిత్తంది."

నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ రెండూ కలిసే వస్తాయి. సంచీలోంచి సబ్బుపొడి తీసి, మంచానికి రెండడుగుల దూరంలో నేల మీద అడ్డంగా ఒక గీత పోశాను.

"ఇదిగో గీత. నువ్వటు, నేనిటు. కూతకొత్తన్నాను, కాసుకో."

"ఎల్లిపో అప్పా."

గుండెల నిండా గాలి పీల్చుకుని గీత దాటాను. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు. నడికట్టు కట్టుకోలేదన్న సంగతి మరిచిపోయాను. మొదటి అడుగుకే పైకి లేచి తల కప్పుకు ఠంగున కొట్టుకుంది. అయినా కూత ఆపలేదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, తల రుద్దుకుంటూ, ఉప్పుడుపిండి గిన్నె దాటి, మంచం చుట్టూ చెడుగుడు అంటూ తిరుగుతున్నాను. ఎవరైనా చూస్తే శాలువా కాదు, తాడు తెచ్చి కట్టేసేవాళ్ళు.

అప్పుడు నా చేతి కడియం మోగింది. తీయని గొంతుతో, "అభినందనలు. మీరు గాఢ ధ్యానంలో ఉన్నారు" అంది. పచ్చ దీపం, అది కూడా నేను ఎప్పుడూ చూడనంత చిక్కటి పచ్చ.

మంచం మీద నుంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. నవ్వు! ఆ నవ్వు వైపు తిరిగేలోపు దుప్పటి కింద నుంచి ఒక చేయి వచ్చి నా చీలమండ పట్టేసుకుంది. లాగాను, రాలేదు. రోజుల తరబడి అన్నం ముద్ద ఎత్తని చేయి అది. గీత అరచేయి దూరంలో ఉండగా నా ఊపిరి అయిపోయింది.

"ఔట్" అంది నూకరత్నం.

నేల మీద కూర్చుని రొప్పుతూ ఏడ్చాను. ఆమె మోచేతి మీద లేచి, ఆ గీతను పరీక్షగా చూసింది. "గీత వొంకర. కూత నీరసం. నడికట్టు నేదు. ఇదేటి కోచింగప్పా?"

తర్వాత రెండు ముద్దలు తింది. మళ్ళీ పడుకుంది. రెండు ముద్దలే. కానీ తింది.

పొదుపు 36వ రోజు

ఊపిరాడకుండా గంతులేసిన నన్ను ధ్యానంలో ఉన్నానని కడియం ఎందుకు అందో బుల్లెమ్మ కనిపెట్టింది. అది నిమిషమంతా లెక్కపెట్టదు. మొదటి అర నిమిషం లెక్కపెట్టి, మిగతా అర నిమిషం ఆ లెక్కను ఆఫీసుకు పంపుకుంటూ కూర్చుంటుంది. దానిదీ సర్కారు ఉద్యోగమే కదా! కూత అన్నది ఒకే ఊపిరిలో సాగాలి, లేకపోతే ఔట్. అంటే కూత పెట్టిన అర నిమిషంలో మనిషి తీసింది ఒక్క ఊపిరి. దీపం మిణుకుమనగానే కూత మొదలుపెట్టి, అది లెక్క పంపుకునే అర నిమిషంలో ఎంతైనా రొప్పుకోవచ్చు. గాఢ ధ్యానం ఒక్కసారి పడిందంటే ఆఫీసు లెక్కలో ఆ రోజంతా పచ్చే.

ఒక్కటే చిక్కు. కూత పెట్టేది ఒక్కరే, పట్టేవాళ్ళు మామూలుగా ఊపిరి తీస్తారు. దానికి నేను కొత్త నియమం పెట్టాను. పట్టేవాళ్ళు కూడా పెదాలు కదపకుండా లోపల్లోపలే కూత పెట్టాలి. ఎవరి ఊపిరి తెగితే వాళ్ళు ఔట్. ప్రశాంతి మందిరం తాళం చెవి జల్లెడలు ఉతికే నా దగ్గరే ఉంది. ఉపన్యాసం సాయంత్రం. పొద్దున ఆరింటికి అక్కడ చాపలు తప్ప ఎవరూ ఉండరు.

గాలి సంగతి ఆలోచించకుండా ఈ పని చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఊళ్ళో గాలి ఎంత ఉందో నా కంటే ఎక్కువ ఎవరికి పట్టింది? పద్నాలుగు మందిమి ఇరవై నిమిషాలు ఆడి, దానివల్ల పచ్చబడి, రెండు గంటల ఉపన్యాసం తప్పించుకుంటే ఊరికి మిగులే. అయినా నా లెక్కను నేను నమ్మను. జల్లెడను నమ్ముతాను. వారం చూస్తాను, నల్లబడితే ఆపేస్తాను.

పొదుపు 41వ రోజు

మొదలుపెట్టి నాలుగు రోజులు. నూకరత్నం మొదటి రోజు రాలేదు. రెండో రోజు బుల్లెమ్మ వెళ్ళి, "నువ్వు ఆడక్కర్నేదు, కూకుని తప్పులు సెప్పు సాలు" అని తీసుకొచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుంది, తప్పులు కూడా చెప్పలేదు. మూడో రోజు మళ్ళీ రాలేదు.  ఈ రోజు తనంతట తనే వచ్చింది, జుట్టు ముడేసుకుని.

ఒక్క కూతకు వెళ్ళింది. సగంలోనే ఊపిరి తెగింది. ఒకప్పుడు ఆమె కూతకు వస్తుంటే గోడలు వెనక్కి జరిగేవి. ఇప్పుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడింది. 

"రేపు ఆరుకేనా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న నా చెవుల్లో రోజంతా ఉంది. ఆమెకు రేపు అనేది ఒకటి వచ్చింది.

పొదుపు 52వ రోజు

మందిరం జల్లెడ మళ్ళీ టీ మరక రంగుకు వచ్చింది. మేము పద్నాలుగు మందిమి వారమంతా పచ్చ కాబట్టి ఉపన్యాసానికి వెళ్ళడం లేదు. మమ్మల్ని చూసి మొదటి గుమ్మటం మగవాళ్ళు, రెండో గుమ్మటం ముసలాళ్ళు కూడా పొద్దున్నే వంతులవారీగా వస్తున్నారు. సాయంత్రం ఉపన్యాసానికి ఇరవై మంది మిగిలారు. వాళ్ళలో పన్నెండు మంది దాన్ని ఏర్పాటు చేసేవాళ్ళు.

భావనారాయణ గారు కాంటీన్‌లో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నారు. ప్రతిరోజూ పొద్దున ఆరింటి నుంచి ఊరంతా వంతులవారీగా సామూహిక ధ్యానంలోకి వెళ్తున్నట్టు ఆయన పటంలో కనిపిస్తోందట. తన ఉపన్యాసాలు ఫలించాయన్నారు. బుల్లెమ్మ సాంబారు గరిటెతో మూతి దాచుకుంది.

పొదుపు 60వ రోజు

పట్టుబడ్డాం.

ఆ సామూహిక ధ్యానాన్ని కళ్ళారా చూసి, మా అందరినీ సన్మానించాలని భావనారాయణ గారు చెప్పకుండా వచ్చారు. చేతుల్లో పద్నాలుగు శాలువాలు. పట్టేవాళ్ళు లోపల్లోపల పెట్టే కూత బయటికి గుంయ్‌మని వినిపిస్తుంది. తలుపు బయట నిలబడి దాన్ని మంత్రం అనుకున్నారట. కళ్ళు సగం మూసుకుని, చెప్పులు విడిచి, భక్తిగా లోపలికి నడిచి నేరుగా ఆట మధ్యలోకి వచ్చేశారు.

సరిగ్గా అప్పుడు నూకరత్నం కూతలో ఉంది. మేమందరం ఎక్కడివాళ్ళం అక్కడ బిగుసుకుపోయాం. నా మనసులో ఒకటే మాట. ఇప్పుడు ఈయన ఆపించేస్తాడు, రేపటి నుంచి ఈమె మళ్ళీ ఆ మంచం మీదకు వెళ్ళిపోతుంది. నూకరత్నం ఆయన్ని చూసింది. కూత ఆపలేదు. చెడుగుడు చెడుగుడు అంటూనే ఒక్క అంగలో వెళ్ళి ఆయన భుజం తాకి, వెనక్కి దూకి, గీత దాటి నిలబడింది.

"ఔట్" అంది.

ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. చేతుల్లోంచి శాలువాలు జారి, ఇక్కడి బరువు లేని నేల మీదకు ఒక్కొక్కటే తీరుబడిగా దిగాయి. ఆయనకు ఊపిరి ఆడలేదు. అంతలో ఆయన కడియం తీయగా పలికింది. "అభినందనలు. మీరు గాఢ ధ్యానంలో ఉన్నారు."

కడియం తొడిగాక మొదటిసారి ఆయన దీపం పచ్చగా వెలిగింది. దాని వైపు చూసుకున్నారు. మా వైపు చూశారు. మా నడికట్ల వైపు చూశారు.

"ఇది... ఇది ఆట కదమ్మా" అన్నారు. "ఆట నిషేధం."

నేను నా సంచీలోంచి రెండు జల్లెడలు తీసి ఆయన ముందు పరిచాను. ఒకటి మొదట్లోనే మరక వదలక పక్కన పడేసినది, ఒకటి ఈ వారంది. "ఈ నల్లది మీ ఉపన్యాసాల వారం సారూ. ఇది మా కూతల వారం. ఏది ఎక్కువ గాలి తిన్నాదో మీరే సూడండి." అక్కడితో ఆగలేదు. "ఇంకోటి కూడా ఉన్నాది. నాలుగు శాలువాలు కప్పినారే, ఆ వారాల్లో ఈ మనిషి గది జల్లెడ ఎలగుందో తెలుసా? తెల్లగా! మనిషి లేని గదిలో ఉన్నట్టు! అన్నం మానేసి సచ్చిపోతా ఉంటే మీరు ఫొటో తీసినారు."

ఆయన నల్ల జల్లెడ మడిచి పక్కన పెట్టారు. నూకరత్నం వైపు తిరిగారు. "నిజమా అమ్మా?"

నూకరత్నం అప్పుడే ఊపిరి కూడదీసుకుంటోంది. గొంతు పెంచలేదు. "ఎలగున్నావని ఒక్కపాలి నన్ను అడగాల్సింది సారూ. మీరు కడియాన్ని అడిగినారు."

భావనారాయణ గారు శాలువాల మీదే చతికిలబడ్డారు.  తర్వాత ఎవరినీ చూడకుండా అన్నారు, "భూమ్మీద ఉన్నప్పుడు రోజూ సాయంత్రం షటిల్ ఆడేవాడిని. ఇక్కడికొచ్చాక ఆ బ్యాట్ల సంచీ విప్పలేదు. మీకు రెండు గంటలు మాట్లాడి, గదికెళ్ళి పడుకునేవాడిని. నాకు కూడా పొద్దున్న లేవాలంటే..." అక్కడితో ఆపేశారు.

"సారు ఔటైనారు" అంది బుల్లెమ్మ మెల్లగా. "గీత బయట కూకోవాల."

ఆయన లేచి, శాలువాలు ఏరుకుని, వెళ్ళి గీత బయట కూర్చున్నారు. మేము ఆట పూర్తి చేశాం.

పొదుపు 61వ రోజు

కొత్త ఉత్తర్వు. ఆట నిషేధం యథాతథంగా అమల్లో ఉంటుంది. అయితే కూత ధ్యాన సాధనకు అనుమతి ఇవ్వడమైనది. పదకొండు నియమాలు. ఏడోది ఇది. "ఔటైన సాధకులు గీత వెలుపల ప్రశాంతంగా ఆసీనులు కావలెను." సాయంత్రం ఉపన్యాసం వారానికి ఒకసారి, అది కూడా పావుగంట. ప్రశాంతమూర్తి బిరుదు రద్దు.

పన్నెండో నియమం చేతిరాతతో కలిపారు. జల్లెడలు ఉతికే ఉద్యోగి ఏ గదికి వెళ్ళినా లోపలున్న మనిషిని ఎలా ఉన్నారని అడిగి, జవాబు పూర్తిగా విని, ఆ తర్వాతే జల్లెడ విప్పవలెను. దీనికి మూడు ప్రతుల్లో నింపే ఫారం ఒకటి తయారు చేశారు. ఫారం నేను నింపను. అడగడం మాత్రం అడుగుతాను. ఈ రోజు పదకొండు గదుల్లో అడిగాను, నాలుగు జల్లెడలే ఉతికాను. ఇంతకాలం ఎవరూ అడగలేదనుకుంటాను, జవాబులు చాలా పొడుగ్గా ఉన్నాయి.

పొదుపు 90వ రోజు

భూమి నుంచి ఓడ వచ్చింది. ఊరంతా కాంటీన్‌లో చేరాం. విడిభాగం పెట్టె విప్పారు. వేరే యంత్రానిది. సరైనది పంపడానికి ఇంకో తొంభై రోజులు పడుతుందట.

 మొదటి రోజు ఇదే బల్ల దగ్గర ఇడ్లీ ముక్క పట్టుకుని బిగుసుకుపోయిన నూకరత్నం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి చూశాను. చేతిలో ఇడ్లీ ఉంది. నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "అయితే రేపు కూడా ఆరుకేనా అప్పా?" అంది. ఆ వెంటనే, "మన ఆటలోకి కొత్తగా వచ్చిన ఆ సారుకి పట్టు నేర్పు, ప్రతిసారీ నాను ఆయన్నే ఔట్ చేత్తంటే బాగోడం నేదు" అంది. భావనారాయణ గారు మోచేతి కట్టు సర్దుకున్నారు. ఆ కట్టు, మా అందరి మోకాళ్ళ కట్లు ఆ నాలుగు శాలువాలు చింపి నూకరత్నం కుట్టినవే. జరీ అంచు కాస్త గుచ్చుకుంటుంది.

ఆమెకు ఇంకా చెడ్డ రోజులు లేకపోలేదు. మొన్న ఒకరోజు రాలేదు. వెళ్ళి ఎలా ఉన్నావని అడిగితే, "ఇయ్యాల బాగోలేదప్పా" అని చెప్పింది. చెప్పింది కాబట్టి పక్కన కూర్చున్నాను. మర్నాడు వచ్చింది.

భోజనాలయ్యాక ఉతుకుడుకు వెళ్ళాను. నూకరత్నం గది జల్లెడ విప్పి చూశాను. చెమట మరకలు, వెంట్రుకలు, సబ్బుపొడి, శాలువా పోగులు, ఉప్పుడుపిండి కూడా కాస్త. ఉప్పుడుపిండి గోడ మీదకు ఎలా వెళ్ళిందే అని అడిగితే గదిలో పట్టు సాధన చేస్తున్నానని చెప్పింది. రెండుసార్లు ఉతికాను. మధ్యలో ఒక మరక ఎంత రుద్దినా పోలేదు. ఇంకోసారి రుద్దబోయి, ఆపేసి, అలాగే ఆరేశాను.

ఈ రోజు నేను కృతజ్ఞత తెలిపేది: ఆ మరకకు.